మొదటి డేట్‌కి అమ్మ తోడు వెళ్ళాలా? వెళ్తే ఎక్కడ కూర్చోవాలి?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటా, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు, పాపకి పదిహేనేళ్ళు, టెన్త్ గ్రేడ్. స్కూల్ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించే అబ్బాయి శనివారం సినిమాకి, ఆ తర్వాత బోబా టీకి వెళ్దామా అని అడిగాడు. పాప దాచకుండా వచ్చి మీతో చెప్పింది. మీవారు "చదువుకునే వయసులో ఇదేం పిచ్చి" అని ఇంతెత్తున లేచారు, మీరేమో మధ్యే మార్గంగా "సరే వెళ్ళు, కానీ నేనూ వస్తా" అన్నారు, పాప తలుపు ధడేల్మని వేసుకుంది. ఇప్పుడు మీ డౌటు, అసలు పంపాలా వద్దా, పంపితే వెనక వరసలో కూర్చోవాలా, పార్కింగ్‌లో కూర్చోవాలా, ఇంట్లో కూర్చుని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలా అని.

నేను డాలస్ పక్కకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఈ వయసు దాటేశారు. పెద్దాడు ఉద్యోగం, చిన్నది కాలేజీ. ఇక్కడే ఒక హైస్కూల్లో కౌన్సెలర్ల ఆఫీసులో చాలా కాలం పని చేశా, స్కూల్ డాన్సులకి షాపరోన్‌గా, అంటే పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పెద్దమనిషిగా కూడా వెళ్ళేదాన్ని, కాబట్టి మన పిల్లల్నీ చూశా, వేరేవాళ్ళ పిల్లల్నీ చూశా, ఆఫీసులో కూర్చుని ఏడ్చే అమ్మల్ని కూడా చూశా.

నా సమాధానం అయితే, పంపండి. మీరూ వెళ్ళండి. దింపేది మీరే, తెచ్చేది మీరే, మధ్యలో అదే బిల్డింగ్‌లోనో పక్క బిల్డింగ్‌లోనో ఉండండి, కానీ అదే సినిమా హాల్లో మాత్రం కూర్చోకండి. ఇదంతా పాపకి ముందే చెప్పేయండి. ఇంక కింద రాసేదంతా ఎందుకు, ఎలా అనేదే.

ముందు ఒక విషయం. పాప మీ దగ్గరికి వచ్చి చెప్పింది చూశారా, దాన్ని మీరు ఒక్క లైన్లో రాసి వదిలేశారు గానీ మొత్తం మీద పెద్ద విషయం అదే. మన ఇళ్ళల్లో పదిహేనేళ్ళ పిల్ల వచ్చి "అమ్మా ఒకబ్బాయి అడిగాడు" అని చెప్పడం అంటే మాటలా? నేను ఆఫీసులో చూసిన మన పిల్లల్లో చాలామంది ఇంట్లో గ్రూప్ ప్రాజెక్ట్ అనో, లైబ్రరీ అనో, ఫ్రెండ్ బర్త్‌డే అనో చెప్పి వెళ్ళేవాళ్ళు, ఇంట్లోవాళ్ళు చూడటానికి ఒక ఇన్‌స్టా అకౌంట్, అసలుది ఇంకోటి, ఫోన్లో అబ్బాయి పేరు అమ్మాయి పేరుతో సేవ్ చేసుకోవడం, ఇదంతా మామూలే. వాళ్ళేమీ చెడ్డ పిల్లలు కాదు, చక్కగా చదివే పిల్లలే. కానీ ఏదన్నా తేడా వచ్చిన రోజు వాళ్ళకి ఫోన్ చేయడానికి మనిషి ఉండేది కాదు. ఎందుకంటే తేడా వచ్చిందని చెప్పాలంటే ముందు వెళ్ళిన సంగతి చెప్పాలి, అది చెప్తే ఇంట్లో రెండో గొడవ. అందుకే నోరు మూసుకుని ఉండిపోయేవాళ్ళు. ఇప్పుడు మీవారి మాట విని వద్దంటే పాప ఈసారికి ఆగుతుంది, వచ్చేసారి మీకు చెప్పదు, అంతే తేడా.

మీవారికి ఒకటి గుర్తు చేయండి. మన పెళ్ళిచూపుల్లో ఏం జరిగేది? అమ్మాయీ అబ్బాయీ కాసేపు మాట్లాడుకుంటారు అని మేడ మీదకి పంపేవాళ్ళు, వెనకాలే తోడుగా పిన్ని కూతుర్నో, ఆరేళ్ళ తమ్ముణ్ణో. వాడు చేతిలో జంతిక పట్టుకుని పిట్టగోడ దగ్గర తచ్చాడుతూ ఉంటాడు, కింద పెద్దవాళ్ళు కాఫీలు తాగుతూ ఉంటారు గానీ చెవులన్నీ మెట్ల మీదే. ఆ పదిహేను నిమిషాల్లో జీవితాంతం నిర్ణయం అయిపోవాలి! దాంతో పోలిస్తే మీ పాప వెళ్ళేది ఒక సినిమాకి, ఒక టీకి. ఇక్కడివాళ్ళకి కూడా ఇది మొదటి నుంచీ ఇలా లేదు, వందేళ్ళ కిందటి దాకా మధ్యతరగతి ఇళ్ళల్లో అబ్బాయి అమ్మాయి ఇంటికే వచ్చి ముందు గదిలో కూర్చునేవాడు, తల్లి పక్క గదిలో ఉండేది. ఊళ్ళు పెరిగి సినిమా హాళ్ళు వచ్చి, 1920ల్లో కార్లు అందరికీ అందుబాటులోకి వచ్చాక బయటికి వెళ్ళడం మామూలైపోయింది. పెద్దవాళ్ళు తోడు ఉండటం అనేది మన చాదస్తం అని పాప అంటే ఈ సంగతి చెప్పొచ్చు, వింటుందని గ్యారంటీ ఇవ్వలేను.

ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలి అనేదానికి వస్తా. హోమ్‌కమింగ్ అని ఏటా స్కూల్లో చేసే వేడుక ఉంటుంది, ఆ డాన్స్‌కి స్కూలు వాళ్ళు పేరెంట్స్‌ని షాపరోన్లుగా పిలుస్తారు కదా, మీరు ఇంకా వెళ్ళకపోతే ఈసారి పేరివ్వండి, ముందే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫామ్ నింపాలి, ఆఖరి నిమిషంలో కుదరదు. అక్కడ నాకు డ్యూటీ ఎక్కడ వేసేవాళ్ళంటే బయటి తలుపు దగ్గర, బాత్రూముల కారిడార్ దగ్గర, లేకపోతే మంచినీళ్ళ టేబుల్ దగ్గర. డాన్స్ ఫ్లోర్ మధ్యలో నిలబడమని ఎప్పుడూ ఎవరూ అనలేదు. అది ఏళ్ళ తరబడి అనుభవం మీద వచ్చిన పద్ధతి అండి. మధ్యలో నిలబడితే పిల్లలు మన నుంచి దూరంగా చీకటి మూలకి జరుగుతారు, తలుపు దగ్గర నిలబడితే ఎవరు బయటికి పోతున్నారు, ఎవరు ఏడుస్తూ వస్తున్నారు, ఎవరు ఒంటరిగా కూర్చున్నారు అనేది మనకి కనపడుతుంది, అవసరమైనవాళ్ళు మన దగ్గరికి వాళ్ళే వస్తారు.

ఒక పిల్ల నాకు బాగా గుర్తు. నైన్త్ గ్రేడ్, మన వాళ్ళ పిల్లే. ఆ మమ్స్ ఉంటాయి చూడండి టెక్సస్‌లో, గుండెల మీద పెద్ద సిల్కు చామంతి, కింద మోకాళ్ళ దాకా రిబ్బన్లు, గంటలు, చిన్న టెడ్డీ బేర్, అమ్మాయిలు హోమ్‌కమింగ్ రోజు స్కూలంతా వేసుకుని గలగలమంటూ తిరుగుతారు, ఆ ఫోటోలు అందరికీ చూపిస్తోంది మొదట్లో. రాత్రి సగం అయ్యేసరికి హీల్స్ తీసి గోడ పక్కన పడేసి, సాక్సుల మీదే నా టేబుల్ దగ్గరికి వచ్చింది. నీళ్ళు తాగింది. పక్కన నిలబడింది. మళ్ళీ గ్లాసు అందుకుంది, టైమ్ ఎంత ఆంటీ అని అడిగింది, చేతిలో ఫోన్ ఉంది మరి! దాహం వేసినవాళ్ళు అలా నిలబడరు కదా. "రైడ్ కావాలామ్మా?" అన్నాను, అంతే, కళ్ళల్లో నీళ్ళు. తనతో వచ్చిన సీనియర్ కుర్రాడు తర్వాత ఎవరింటికో పార్టీకి వెళ్దామని పట్టుబడుతున్నాడు, వాడి కార్లోనే వచ్చింది, ఇంట్లో మాత్రం ఫ్రెండ్స్ గ్రూప్‌తో వెళ్తున్నా అని చెప్పింది. వాళ్ళమ్మకి నేను ఫోన్ చేశా, ఆవిడ పావుగంటలో నైటీ మీద జాకెట్ వేసుకుని వచ్చేసింది, పిల్లని ఒక్క మాట అనకుండా తీసుకెళ్ళింది. ఆ పిల్ల మొత్తం రాత్రిలో వెతుక్కున్నది ఏంటంటే తిట్టకుండా ఇంటికి తీసుకెళ్ళే ఒక పెద్దమనిషి. శనివారం మీరు వెళ్ళేది ఆ పని మీదే అనుకోండి.

అందుకని హాల్లో వెనక సీటు వద్దు. చీకట్లో పాప తల వెనక్కి తిప్పి తిప్పి మిమ్మల్నే చూస్తూ ఉంటుంది, ఆ అబ్బాయి పాప్‌కార్న్ బకెట్లో చెయ్యి పెట్టడానికి కూడా భయపడతాడు, మీరు సినిమా చూడరు, వాళ్ళూ చూడరు, టికెట్ల డబ్బులు దండగ. పక్క హాల్లో మీకు నచ్చిన సినిమా వేరేది చూడండి, మన సినిమా ఏదైనా ఆడుతుంటే ఇంకా మంచిది. లేకపోతే లాబీలో ల్యాప్‌టాప్ పెట్టుకోండి. సినిమా రేటింగ్ ముందే చూసుకోండి, ఆర్ రేటింగ్ అయితే 17 లోపు పిల్లల్ని పేరెంట్ లేకుండా లోపలికి పంపరు, మీరు పక్కన కూర్చోక తప్పదు, కాబట్టి పీజీ-13 లోపే. కొన్ని మాల్స్‌లో శుక్ర శని సాయంత్రాలు పిల్లలు పెద్దవాళ్ళు లేకుండా తిరగకూడదు అనే రూల్ కూడా ఉంది, మిన్నెసోటాలో మాల్ ఆఫ్ అమెరికా వాళ్ళు 1996లోనే ఇది పెట్టారు, తర్వాత చాలా చోట్లకి పాకింది. మీరు వెళ్ళే చోట ఏముందో వెబ్‌సైట్లో చూసి పాపకి చూపించండి, అప్పుడు "నువ్వెందుకు రావడం" అనే వాదన సగం తగ్గుతుంది.

నిజానికి నన్నడిగితే మొదటిసారికి సినిమా అంత మంచి ప్లాన్ కాదు. రెండు గంటలు చీకట్లో మాట్లాడకుండా కూర్చోవడంలో ఎవరు ఎలాంటివాళ్ళో ఏం తెలుస్తుంది? బౌలింగ్, మినీ గోల్ఫ్, దగ్గర్లోని గ్రాండ్‌స్కేప్ షాపింగ్ సెంటర్లో జెయింట్ వీలూ ఆ చుట్టుపక్కల తిరగడం, ఇలాంటివి నయం. మా చిన్నదాని మొదటి డేట్ గ్యాలరియా డాలస్‌లో ఐస్ రింక్ దగ్గర. అక్కడ మీకు తెలుసుగా, రింక్ కింద ఉంటుంది, చుట్టూ పై అంతస్తుల్లో షాపులు, రెయిలింగ్ దగ్గర నిలబడితే కింద మొత్తం కనపడుతుంది, మాట మాత్రం ఒక్కటి వినపడదు. షాపరోన్ల కోసమే కట్టారా అనిపిస్తుంది. కాఫీ పట్టుకుని పైన కూర్చున్నా. ఆ అబ్బాయి బాస్కెట్‌బాల్ షార్ట్స్‌లో వచ్చాడు ఐస్ రింక్‌కి, మోకాళ్ళు వణుకుతున్నాయి, చలికో భయానికో తెలీదు. ఇద్దరూ గోడ పట్టుకుని మూడడుగుల దూరంలో ఒకళ్ళ వెనక ఒకళ్ళు పాకుతున్నట్టు వెళ్తున్నారు, నాలుగేళ్ళ పిల్లలు పెంగ్విన్ బొమ్మ తోసుకుంటూ వీళ్ళని దాటుకుని పోతున్నారు. మా పిల్ల మొదట పైకి చూసింది నేనున్నానా అని, కాసేపాగి మళ్ళీ చూసింది నేను తన వైపు చూడట్లేదు కదా అని. నేను ఫోన్లో మునిగిపోయినట్టు నటించా. ఆ తర్వాత ఆ కుర్రాడు పడ్డాడు, దబ్బున, ఇది నవ్వు ఆపుకోలేక తనూ కూర్చుండిపోయింది ఐస్ మీదే. ఇంక ఆ తర్వాత మూడడుగుల దూరం లేదు, పైకి చూడటమూ లేదు. సినిమాకి వెళ్ళుంటే ఇది జరిగేదా చెప్పండి.

కారు విషయం మాత్రం కచ్చితంగా ఉండండి. ఆ అబ్బాయికి పదహారు నిండి కొత్తగా లైసెన్స్ వచ్చి ఉంటే "నేనే పికప్ చేస్కుంటా ఆంటీ" అంటాడు, పాపం మర్యాదకే అంటాడు. టెక్సస్‌లో 18 లోపు పిల్లలకి ఇచ్చేది ప్రొవిజనల్ లైసెన్స్, అర్ధరాత్రి పన్నెండు నుంచి పొద్దున ఐదు వరకు నడపకూడదు, కుటుంబం కానివాళ్ళలో 21 లోపు ఉన్నవాళ్ళని ఒక్కళ్ళకి మించి ఎక్కించుకోకూడదు, డ్రైవింగ్‌లో ఫోన్ ముట్టుకోకూడదు. అంటే మీ పాప ఒక్కత్తే ఎక్కితే చట్టం ఒప్పుకుంటుంది, మధ్యలో ఇంకో ఫ్రెండ్ ఎక్కాడో తప్పే. చట్టం ఒప్పుకున్నా సరే మొదట్లో నేనైతే ఒప్పుకోను. రిస్క్ అబ్బాయి మంచివాడా కాదా అని కాదు, నెల కిందట లైసెన్స్ తెచ్చుకున్న పిల్లాడు పక్కన నచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టుకుని టోల్‌వే మీద లేన్ మారడం, అది రిస్క్. ఇంకోటి, కారు మీ చేతిలో ఉంటే పాప ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటపడొచ్చు, వాడి మూడ్ మీద ఆధారపడక్కర్లేదు.

అబ్బాయి వయసు కూడా ఒకసారి అడగండి, ఒక్క క్లాస్ తేడా అంటే పర్లేదు. ఆర్కెస్ట్రాలో నైన్త్ నుంచి ట్వెల్త్ దాకా అందరూ కలిసే ఉంటారు. టెక్సస్‌లో చట్టం ప్రకారం శారీరక సంబంధానికి సమ్మతి వయసు 17, అంతకన్నా చిన్నవాళ్ళ విషయంలో మూడేళ్ళ తేడా దాటితే కుర్రాళ్ళకి కోర్టులో చెప్పుకోడానికి ఉండే ఆసరా కూడా పోతుంది. మనం అంత దూరం ఆలోచించం, ఆలోచించాలంటేనే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే, కానీ ఈ మాటలు పిల్లలకి హెల్త్ క్లాసులోనో ఫోన్లోనో సగం సగం తెలుస్తాయి, మనం చెప్తే పూర్తిగా తెలుస్తాయి. అలాగే ఫోటోలు. 18 లోపు పిల్లలు ఒకళ్ళకొకళ్ళు ఇష్టపడే పంపుకున్నా సరే బట్టల్లేని ఫోటోలు కేసు దాకా వెళ్ళొచ్చు, పంపినవాళ్ళ మీదా, దాచుకున్నవాళ్ళ మీదా. ఇది కొడుకులున్న అమ్మలు ఇంకా గట్టిగా చెప్పాలి. ఇండియాలో ఉన్న మన చుట్టాలు ఇది చదివితే వాళ్ళకో మాట, అక్కడ పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు వాళ్ళ ఇష్టాయిష్టాలు లెక్కలోకే రావు, కూకట్‌పల్లిలో ఇంటర్ చదివే అబ్బాయి విషయం ఇక్కడి రూల్స్‌తో పోల్చుకోవద్దు.

ఇవన్నీ ఎప్పుడు చెప్పాలి అంటే కార్లో. ఎదురెదురుగా సోఫాలో కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అన్నారో, పిల్ల ముఖం మాడిపోతుంది, మీకు మాట పెగలదు. కార్లో ఇద్దరూ రోడ్డే చూస్తారు, ఎవరి ముఖం ఎవరూ చూడక్కర్లేదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు కూడా. పెద్ద లెక్చర్ వద్దు. చెయ్యి పట్టుకోవడం దగ్గర నుంచి ఏదైనా సరే, నీకు ఇష్టం లేకపోతే వద్దు అనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, అవతలివాళ్ళు వద్దన్నా అంతే, ఆ ఒక్కటి చాలు. నా కొడుక్కి అయితే నేను ఇంకోటి కలిపా, అమ్మాయి నవ్వి ఊరుకుంటే అది సరే అన్నట్టు కాదురా, అడుగు అని.

కొడుకు మాట వచ్చింది కాబట్టి చెప్తా. మన వాళ్ళల్లో చాలా ఇళ్ళల్లో అబ్బాయి డేట్‌కి వెళ్తే "పోన్లే మగపిల్లాడు", అమ్మాయి వెళ్తే ఇంట్లో కర్ఫ్యూ. పిల్లలకి ఇది భలే తొందరగా కనపడిపోతుంది. మా ఇంట్లో టైమింగ్స్ ఇద్దరికీ ఒకటే, ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో, ఎప్పుడొస్తావు, ఇద్దరికీ అవే ప్రశ్నలు. మావాడు మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి వాళ్ళ నాన్న, ఇక్కడివాళ్ళే, డ్రైవ్‌వేలోకి వచ్చి వీడికి షేక్‌హ్యాండ్ ఇచ్చి "చేరగానే నాకు టెక్స్ట్ చెయ్" అన్నాడు, నవ్వుతూనే గానీ చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నాడట. మీవారు అమెరికన్లకి ఇవేమీ పట్టవు అనుకుంటున్నారేమో, ఈ డ్రైవ్‌వే నాన్నల గురించి చెప్పండి.

పాపతో ఒక సంకేతం పెట్టుకోండి. మాది "అమ్మమ్మ ఫోన్ చేసిందా?" అని. పిల్లలు ఎక్కడున్నా సరే ఆ మెసేజ్ వస్తే నేను వెంటనే ఫోన్ చేసి కోపంగా "ఇంటికి అర్జెంటుగా రావాలి, వస్తున్నా నేను" అనేదాన్ని, తప్పంతా నా మీద పెట్టేసి పిల్లలు లేచి వచ్చేయొచ్చు, "మా అమ్మ ఇంతే" అని కళ్ళు తిప్పుకుంటూ. షరతు ఒకటే, ఆ రాత్రి నేనేమీ అడగకూడదు. అడగకుండా ఉండటం చచ్చేంత కష్టం, ముందే చెప్తున్నా. ఆ సంకేతం ఒకసారి వాడినందుకు తిట్లు పడితే ఇంక జన్మలో వాడరు.

లొకేషన్ షేరింగ్ పెట్టుకోండి, లైఫ్360 అయినా ఫోన్లో ఉన్నదైనా, కానీ ఐదు నిమిషాలకోసారి తెరిచి చూడొద్దు, కొత్తావకాయ జాడీ పెట్టి గంటగంటకీ మూత తీసి చూస్తే బూజు పడుతుంది తప్ప ఊరదు. మీరు అదే బిల్డింగ్‌లో ఉన్నారు కదా, ఇంకేం చూస్తారు.

డబ్బులు పాప చేతికి ఇవ్వండి, తన టికెట్, తన బోబా తను కొనుక్కునేంత. ఇక్కడ పిల్లలు ఎవరిది వాళ్ళు ఇచ్చుకోవడం మామూలే, అబ్బాయి నేనిస్తా అంటే ఒకటి అతను, ఒకటి తను. మన వాళ్ళకి ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ "అంతా నేనే పెట్టా కదా" అనే మాట ఎక్కడికి దారి తీస్తుందో ఆఫీసులో వినీ వినీ చెప్తున్నా.

అబ్బాయి వాళ్ళమ్మకి మెసేజ్ పెట్టండి. ఆవిడ ఎవరైనా సరే సంతోషిస్తుంది. ఇలా పెట్టొచ్చు, "నేను ఫలానా వాళ్ళ అమ్మని, ఇద్దరూ ఆర్కెస్ట్రాలో కలిసి వాయిస్తారు, శనివారం సినిమాకి వెళ్దాం అనుకుంటున్నారట, మా అమ్మాయిని నేనే దింపి తీసుకెళ్తాను, నేనూ అక్కడే ఉంటాను, మీ వాడికి రైడ్ కావాలన్నా చెప్పండి, ఇది నా నంబర్." అంతే, ఇంతకు మించి ఒక్క ముక్క రాయొద్దు, మా ఇంట్లో పద్ధతులు ఇవీ, మా సంప్రదాయం ఇదీ అని ఎస్సే రాయొద్దు. పంపేముందు పాపకి చూపించండి. మొదట "నో అమ్మా" అంటుంది, తర్వాత ఒక మాట మార్చమంటుంది, మార్చండి.

ఇంక నలుగురూ ఏమనుకుంటారు అనేది. ఫ్రిస్కోలో మన వాళ్ళకి కనపడకుండా ఎక్కడికి వెళ్తారండి, పటేల్ బ్రదర్స్‌లో ఒకరు, హనుమాన్ టెంపుల్ క్యూలో ఒకరు, "మొన్న మీ అమ్మాయిని చూశాం, పక్కన ఎవరో..." అని సాగదీస్తారు. దీనికి మీకున్న గొప్ప సమాధానం ఏంటంటే "అవును, నేనూ అక్కడే ఉన్నా, పై ఫ్లోర్లో, మీరు కనపడలేదే!" అక్కడితో ఆ టాపిక్ ఆగిపోతుంది, మీకు తెలీకుండా జరిగింది అంటేనే వాళ్ళకి దాంట్లో మజా.

తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు వెయ్యకండి. "ఎలా జరిగింది" కూడా వద్దు, దానికి "ఫైన్" అని వస్తుంది, ఇంక సంభాషణ సమాప్తం. "ఆకలేస్తుందా, ఏమన్నా తిన్నారా" అనండి. మా పిల్ల అయితే ఇంటి దగ్గర చివరి మలుపు తిరిగాక మొదలుపెట్టేది, గరాజ్‌లో కారు ఆపి అలాగే కూర్చుని వినేదాన్ని, ఏసీ ఆపకుండా. ఏం చెప్పినా "అలాగా" అనండి చాలు. ఆ అబ్బాయి గురించి చెడ్డగా అనకండి, మరీ మెచ్చుకోకండి కూడా, రెండు వారాల్లో మాటలు మానేస్తే మీరు మెచ్చుకున్న పాపానికి మీతో చెప్పుకోలేదు.

అన్నీ బాగానే ఉంటాయి అని నేను అనట్లేదు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ 2019 సర్వేలో డేటింగ్ చేసిన హైస్కూల్ పిల్లల్లో దాదాపు 12 మందిలో ఒకరు కొట్టడం, తోయడం లాంటివి ఎదుర్కొన్నామని చెప్పారు. అది మొదటి రోజే రాదు, మెల్లగా వస్తుంది. ఎవరితో ఉన్నావు ఫోటో పెట్టు, ఫోన్ పాస్‌వర్డ్ చెప్పు, ఆ ఫ్రెండ్‌తో మాట్లాడకు, రాత్రి రెండింటికి కూడా రిప్లై ఇవ్వాలి, ఇవీ చూడాల్సినవి. పాప నవ్వుతూ వస్తుందా, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుందా, ఫ్రెండ్స్ తగ్గిపోతున్నారా, ఆర్కెస్ట్రా మానేస్తా అంటుందా. టీనేజర్ల కోసమే లవ్ ఈజ్ రెస్పెక్ట్ అని ఒక హెల్ప్‌లైన్ ఉంది, 1-866-331-9474, పిల్లలే కాదు పేరెంట్స్ కూడా చేసి అడగొచ్చు, రోజంతా ఉంటారు. ఫోన్లో నంబర్ పెట్టుకోండి, స్కూల్ కౌన్సెలర్‌కి కూడా చెప్పొచ్చు, మా ఆఫీసుకి అలా వచ్చిన పేరెంట్స్‌ని ఎవరూ తక్కువగా చూడలేదు.

ఇక మీవారు. ఆయన నేనూ వస్తా అంటే వద్దనకండి, తీసుకెళ్ళండి. మీ ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్ళి ఎన్నాళ్ళయ్యిందో నాకు తెలీదు గానీ పక్క హాల్లో రెండు టికెట్లు తీయండి. కాకపోతే బయల్దేరే ముందే ఒప్పందం, అబ్బాయి కనపడితే హలో అనాలి, పేరు అడగొచ్చు, ఏ మ్యూజిక్ వాయిస్తావు అని అడగొచ్చు. జీపీఏ ఎంత, మీ నాన్నగారు ఏం చేస్తారు, ఏ కాలేజీకి అప్లై చేస్తున్నావు, ఈ మూడూ బ్యాన్.

శనివారం సాయంత్రం షో వద్దు, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఉన్నది చూడమనండి, టికెట్ కూడా చవక, మూడున్నరకి అయిపోతుంది, బోబా షాప్ నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉన్న థియేటర్ ఎంచుకోమనండి, ఐదుకల్లా కారు దగ్గరికి వచ్చేయాలి అని టైమ్ పాప నోటితోనే చెప్పించండి. ఐదూ పదికి వస్తే ఏమీ అనకండి. ఐదున్నర దాటితే అప్పుడు ఫోన్ చేయండి, లోపలికి మాత్రం వెళ్ళొద్దు.